లైనక్స్‌లో డబుల్ క్లిక్: ఫైలు తెరవడం, ఫైలు నడపడం

లైనక్స్ డెస్క్‌టాప్ మీద ఫోల్డర్లను, ఫైళ్లను బొమ్మలతో చూపించి, వాటిని కాపీ చేయడానికీ జరపడానికీ తెరవడానికీ వీలిచ్చే ప్రోగ్రామును ఫైల్ మేనేజర్ అంటారు. లైనక్స్‌లో ఇది ఒక్కటే కాదు. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో నాటిలస్ ఉంటుంది, ఇప్పుడు తెర మీద దాని పేరు ఫైల్స్ అని కనిపిస్తుంది. కేడీఈలో డాల్ఫిన్, ఎక్స్ఎఫ్‌సీఈలో థునార్, లైనక్స్ మింట్ వారి సినమన్‌లో నీమో, మాటేలో కాహా, ఎల్ఎక్స్‌డీఈలో పీసీమ్యాన్‌ఎఫ్ఎం ఉంటాయి. వీటిలో ఏ ఫైలు మీదైనా మౌస్ బటన్ వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే రెండు పనుల్లో ఒకటి జరగాలి. అది పత్రమో ఫొటోనో పాటో అయితే తగిన ప్రోగ్రాము తెరుచుకుని దాన్ని చూపించాలి. ఆ ఫైలే ప్రోగ్రాము అయితే అది నడవాలి.

యూనిక్స్ సంప్రదాయంలో ఈ రెండూ మొదటినుంచీ వేర్వేరు పనులు. ఫైలును చదవడానికి ఒక అనుమతి, రాయడానికి ఒకటి, నడపడానికి ఇంకొకటి. టెర్మినల్‌లో కూర్చున్న మనిషి ఫైలును చదవాలంటే ఒక ఆదేశం, నడపాలంటే మరో ఆదేశం ఇస్తాడు. తన మనసులో ఏముందో ఆ ఆదేశమే చెబుతుంది. డబుల్ క్లిక్‌లో ఆ తేడా చెప్పే చోటు లేదు. చూడమన్నా అదే సైగ, నడపమన్నా అదే సైగ. అందుకే ఫైల్ మేనేజర్ తానే ఊహించాలి, లేదా అడగాలి, లేదా ఏమీ చేయకుండా ఊరుకోవాలి. ఈ మూడు దారుల మధ్య పాతికేళ్లుగా సాగుతున్న ఊగిసలాటే ఈ అంశం చరిత్ర.

రెండు నొక్కులు ఒకటెలా అవుతాయి

తెరను, మౌస్‌ను చూసుకునే ఎక్స్ సర్వర్‌కు గానీ, దాని స్థానంలోకి వచ్చిన వేలాండ్‌కు గానీ డబుల్ క్లిక్ అనే సంగతే తెలియదు. బటన్ నొక్కారు, వదిలారు, ఫలానా క్షణంలో జరిగింది అన్న సమాచారం మాత్రమే అవి ప్రోగ్రాముకు అందిస్తాయి. రెండు నొక్కుల మధ్య ఎంత సమయం గడిచింది, ఆ మధ్యలో మౌస్ ఎంత జరిగింది అని లెక్క చూసి, ఇది డబుల్ క్లిక్ అని తీర్పు చెప్పేది జీటీకే, క్యూటీ వంటి టూల్‌కిట్లు. గ్నోమ్‌లో మామూలుగా ఉండే గడువు 400 మిల్లీసెకన్లు. వణికే చేతులున్నవారికి, మౌస్ కొత్తగా పట్టినవారికి ఈ గడువు చాలదు. సెట్టింగుల్లో దాన్ని పెంచుకోవచ్చు. పెద్దవాళ్లకు కంప్యూటర్ అమర్చి ఇచ్చేవారు మొట్టమొదట చేయాల్సిన మార్పు ఇదేనని నా అభిప్రాయం.

కేడీఈ చాలాకాలం వేరే దారిలో నడిచింది. వెబ్ పేజీలో లింకు మీద ఒక్కసారి నొక్కితే చాలు, ఫైలుకు మాత్రం రెండుసార్లు ఎందుకు అన్నది వారి వాదన. వాదనలో బలం ఉంది. కానీ వేరే డెస్క్‌టాప్‌ల నుంచి వచ్చినవారు ఫైలును ఎంచుకుందామని ఒక్కసారి తాకగానే అది తెరుచుకునేసరికి కంగారుపడేవారు. చివరికి 2024 ఫిబ్రవరి 28న విడుదలైన ప్లాస్మా 6లో డబుల్ క్లిక్‌నే మామూలు పద్ధతిగా పెట్టారు. పాత అలవాటు వదులుకోలేనివారికి ఒక్క క్లిక్ సెట్టింగు ఇప్పటికీ ఉంది. నాటిలస్‌లోనూ ఆ ఎంపిక ఉంది.

ఫైలు ఏ జాతిదో తేల్చడం

క్లిక్ తీర్పు తర్వాత మొదటి ప్రశ్న: ఈ ఫైలు ఏమిటి? విండోస్ ఎక్కువగా ఫైలు పేరు చివరి తోకను నమ్ముతుంది. పాత మెకింటాష్‌లో ప్రతి ఫైలు వెంట దాని రకం, దాన్ని తయారుచేసిన ప్రోగ్రాము గుర్తు దాగి ఉండేవి. లైనక్స్‌కు ఈ రెండూ వారసత్వంగా రాలేదు. దాని చేతిలో ఉన్నది యూనిక్స్ ఫైల్ అనే ఆదేశం. 1970ల నుంచీ ఉన్న ఆ ఆదేశం ఫైలు లోపలి మొదటి బైట్లను చూసి రకం చెబుతుంది. ఆ బైట్లను మ్యాజిక్ సంఖ్యలంటారు.

రకానికి పేరు పెట్టే పద్ధతి మాత్రం ఈమెయిల్ ప్రపంచం నుంచి వచ్చింది. ఉత్తరాలకు జోడింపులు పంపడానికి నథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ రూపొందించిన మైమ్ ప్రమాణం 1992 జూన్‌లో వెలువడింది. ఇమేజ్ స్లాష్ జేపెగ్, టెక్స్ట్ స్లాష్ ప్లెయిన్ వంటి జంట పేర్లు అందులోవే. గ్నోమ్, కేడీఈ మొదట్లో తమ తమ జాబితాలు విడివిడిగా పెట్టుకున్నాయి. ఒకచోట బొమ్మ అన్న ఫైలు మరోచోట తెలియని ఫైలయ్యేది. 2000లో హావొక్ పెన్నింగ్టన్ మొదలుపెట్టిన ఫ్రీడెస్క్‌టాప్ వేదిక మీద ఈ రెండు పక్షాలూ కూర్చుని షేర్డ్ మైమ్ ఇన్ఫో అనే ఉమ్మడి జాబితాకు ఒప్పుకున్నాయి. ఇవాళ ఏ లైనక్స్ డెస్క్‌టాప్ అయినా యూఎస్ఆర్ కింద షేర్, దాని కింద మైమ్ అనే ఫోల్డర్‌లోని ఈ జాబితానే చూస్తుంది.

జాబితా వాడే క్రమం చెప్పుకోదగ్గది. ముందు పేరు చివరి తోక చూస్తుంది. అక్కడ ఒకే జవాబు దొరికితే సరే. తోక లేకపోయినా, ఒకే తోకకు రెండు మూడు రకాలున్నా, ఫైలు తెరిచి మ్యాజిక్ బైట్లు చదువుతుంది. అందుకే తోక తీసేసిన ఫొటో కూడా లైనక్స్‌లో చక్కగా తెరుచుకుంటుంది. తోక అసలు పనికిరాదని దీన్నిబట్టి అనుకోకూడదు. వర్డ్ వాడే డాక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ పొట్లం. తోక ఊడితే అది జిప్‌గా కనిపించి పత్రానికి బదులు లోపలి ముక్కల జాబితా తెరుచుకునే ప్రమాదం ఉంది. లిబ్రేఆఫీస్ వాడే ఓపెన్‌డాక్యుమెంట్ రూపకర్తలు ఈ చిక్కు ముందే ఊహించారు. అదీ జిప్ పొట్లమే గానీ, అందులో మొట్టమొదటి ముక్కగా మైమ్‌టైప్ అనే చిన్న ఫైలును కుదించకుండా పెట్టాలని నియమం పెట్టారు. దానివల్ల 38వ బైటు దగ్గర రకం పేరు నేరుగా కనబడుతుంది. తోక లేకున్నా ఆ పత్రం తన జాతి తానే చెప్పుకోగలదు. ఇంత చిన్న నియమం వల్ల ఎంతమందికి పత్రం తెరుచుకుందో అనుకుంటే నాకు ఆ రూపకర్తల మీద గౌరవం కలుగుతుంది.

తగిన ప్రోగ్రామును పిలవడం

రకం తెలిశాక దాన్ని తెరిచేవారెవరో తేలాలి. డెస్క్‌టాప్ మెనూలో కనిపించే ప్రతి ప్రోగ్రామూ డాట్ డెస్క్‌టాప్ తోకతో ఒక చిన్న పాఠ్య ఫైలును వెంట తెచ్చుకుంటుంది. అందులో ప్రోగ్రాము పేరు, గుర్తు బొమ్మ, నడపాల్సిన ఆదేశం, తాను తెరవగల మైమ్ రకాల జాబితా ఉంటాయి. ఆదేశం చివర శాతం గుర్తుతో ఒక అక్షరం ఉంటుంది. చిన్న ఎఫ్ అయితే ఒక్క ఫైలు మాత్రమే ఇమ్మని, పెద్ద ఎఫ్ అయితే ఎన్ని ఫైళ్లయినా ఒకేసారి ఇమ్మని, యూ అయితే వెబ్ చిరునామా రూపంలోనైనా ఇమ్మని అర్థం. పది ఫొటోలు ఎంచుకుని తెరిస్తే ఒక ప్రోగ్రాములో ఒకే కిటికీ, మరోదానిలో పది కిటికీలు రావడానికి చాలాసార్లు ఈ ఒక్క అక్షరమే కారణం. ప్రోగ్రాము పేరును వేర్వేరు భాషల్లో ఇచ్చే వీలు కూడా ఈ ఫైలులోనే ఉంది. తెలుగుకు టీఈ అనే గుర్తుతో ఒక వరుస చేర్చితే, తెలుగు డెస్క్‌టాప్ వాడేవారికి ఓపెన్ విత్ జాబితాలో ఆ పేరు తెలుగులోనే కనబడుతుంది.

ఒకే రకానికి ఐదారు ప్రోగ్రాములు పోటీపడితే వాడుకరి ఇష్టమే చెల్లాలి. ఆ ఇష్టం హోమ్ ఫోల్డర్‌లో, కాన్ఫిగ్ కింద మైమ్‌యాప్స్ డాట్ లిస్ట్ అనే ఫైలులో రాసి ఉంటుంది. ఫైలు మీద కుడి క్లిక్ చేసి ఫలానా ప్రోగ్రాముతోనే తెరవాలని గుర్తుపెట్టినప్పుడు మారేది ఇదే. టెర్మినల్ నుంచి ఎక్స్‌డీజీ-ఓపెన్ ఆదేశంతో ఫైలు తెరిచినా చివరికి చూసేది ఇదే. కొత్త ప్రోగ్రాము పెట్టుకున్న మర్నాడు ఫొటోలన్నీ ఫొటో వ్యూయర్‌కు బదులు ఎడిటర్‌లో తెరుచుకోవడం లైనక్స్‌లో తరచూ వినబడే ఫిర్యాదు. వాడుకరి ఎప్పుడూ ఇష్టం చెప్పని రకాలకు డెస్క్‌టాప్ తన లెక్కన ఒకరిని ఎంచుకుంటుంది. పోటీలోకి కొత్తవాడు వస్తే ఆ లెక్క మారవచ్చు. ఒక్కసారి ఇష్టం స్పష్టంగా రాసిపెడితే సమస్య తీరుతుంది.

తెలుగు పేర్లున్న ఫైళ్ల విషయంలో ఒక మాట. లైనక్స్‌లో సాధారణంగా ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి 3 బైట్లు పడతాయి కాబట్టి గుణింతపు గుర్తులు, పొల్లులు కూడా లెక్కేసుకుంటే పేరు 85 సంకేతాలకు మించరాదు. అదే పేరును చిరునామా రూపంలోకి మార్చినప్పుడు ఒక్కో సంకేతం 9 గుర్తులవుతుంది. ఇవాళ్టి ప్రోగ్రాములు దీన్ని సాఫీగానే నెట్టుకొస్తున్నాయి. చిరునామాను తిరిగి పేరుగా మార్చడం మరచిన పాత ప్రోగ్రాముల్లో మాత్రం తెలుగు పేరున్న ఫైలు డబుల్ క్లిక్‌కు తెరుచుకోక, అదే ఫైలు ఇంగ్లీషు పేరు పెట్టగానే తెరుచుకుంటుంది. తప్పు తెలుగు పేరుది కాదు, ఆ ప్రోగ్రాముది.

నడపడం

ఇక రెండో పని. ప్రతి ఫైలుకూ యజమాని, గుంపు, ఇతరులు అనే ముగ్గురికి చదువు, రాత, నడక అనే మూడేసి అనుమతులు, మొత్తం తొమ్మిది. అంకెల్లో 644 అంటే అందరూ చదవొచ్చు, యజమాని మార్చొచ్చు, ఎవరూ నడపలేరు. 755 అంటే అందరూ నడపొచ్చు. బ్రౌజర్ దించుకున్న ఏ ఫైలుకూ నడక అనుమతి ఇవ్వదు. ఇంటర్నెట్ నుంచి వచ్చింది తనంతట తాను నడవకూడదన్న కాపలా ఇదే. ఇది లైనక్స్‌లో ఉన్న గొప్ప గుణాల్లో ఒకటి. నడక అనుమతి ఇవ్వాలంటే సీహెచ్‌మాడ్ ఆదేశం వాడాలి, లేదా ఫైలు ప్రాపర్టీస్‌లో అనుమతుల పేజీకి వెళ్లి గడిలో టిక్కు పెట్టాలి.

అనుమతి ఉన్న ఫైలును నడపమన్నప్పుడు లైనక్స్‌కు గుండెకాయ అయిన కెర్నెల్ దాని మొదటి బైట్లు చదువుతుంది. మొదటి బైటు విలువ 127 ఉండి, వెంటనే ఈ, ఎల్, ఎఫ్ అక్షరాలుంటే అది కంపైల్ అయిన ప్రోగ్రాము. మొదటి రెండు గుర్తులు #! అయితే అది స్క్రిప్టు, ఆ వరుసలో పేరున్న బ్యాషో పైథానో వచ్చి దాన్ని చదివి నడపాలి. షెబాంగ్ అని పిలిచే ఈ రెండో ఏర్పాటును డెనిస్ రిచీ 1980లో బెల్ ల్యాబ్స్ యూనిక్స్‌లోకి తెచ్చాడు. లైనక్స్‌లో మూడో దారి కూడా ఉంది. బిన్‌ఎఫ్ఎంటీ మిస్క్ అనే కెర్నెల్ సదుపాయంలో కొత్త మ్యాజిక్ గుర్తులు నమోదు చేస్తే విండోస్ ప్రోగ్రామును నడపబోయినా కెర్నెల్ దాన్ని, అటువంటివాటిని లైనక్స్‌లో నడిపే వైన్‌కు అప్పగిస్తుంది.

కెర్నెల్ వరకు చిక్కులేదు. చిక్కంతా ఫైల్ మేనేజర్ దగ్గరే. బ్యాష్ స్క్రిప్టు మామూలు పాఠ్యం కూడా, నడిచే ప్రోగ్రాము కూడా. రాసినవాడు దాన్ని సరిదిద్దడానికి తెరుస్తున్నాడా, నడపడానికి తెరుస్తున్నాడా? పాత నాటిలస్ వరుసలో వచ్చిన కాహా, నీమో ఒక ప్రశ్న అడుగుతాయి: నడపనా, టెర్మినల్‌లో నడపనా, లోపల ఏముందో చూపనా, మానేయనా? పీసీమ్యాన్‌ఎఫ్ఎం, డాల్ఫిన్ కూడా దాదాపు ఇలాగే అడుగుతాయి. థునార్‌లో స్క్రిప్టును డబుల్ క్లిక్‌కు నడిపే సెట్టింగు ఉంది గానీ మొదట్లో అది ఆపి ఉంటుంది, స్క్రిప్టు ఎడిటర్‌లోనే తెరుచుకుంటుంది. గ్నోమ్ మరీ జాగ్రత్త. నాటిలస్‌లో నడుపు, చూపు, అడుగు అనే మూడు ఎంపికలుండేవి, మొదట ఉండేది చూపు. తర్వాత ఆ ఎంపికలనూ తీసేసి, కుడి క్లిక్ మెనూలో ప్రోగ్రాముగా నడుపు అనే వరుస పెట్టారు.

నా దృష్టిలో అడగడమే అన్నిటికంటే మంచి పద్ధతి. డబుల్ క్లిక్ అనే సైగలో పోయిన సమాచారాన్ని ఆ ప్రశ్న తిరిగి రాబడుతుంది. వాడుకరి మనసు ఊహించబోయి తప్పడం కంటే అది నిజాయితీగల పని. గ్నోమ్ ఎంచుకున్న దారి భద్రమైనదే. కానీ స్క్రిప్టు ఎందుకు నడవలేదో తెలియని విద్యార్థికి ఆ మెనూ వరుస ఎక్కడుందో చెప్పేవారు పక్కన ఉండరు.

కంపైల్ చేసిన ప్రోగ్రాము గ్రంథాలయమైన కథ

2016 అక్టోబర్‌లో ఉబుంటు 16.10, 2017 జూన్‌లో డెబియన్ 9 వచ్చాక కళాశాల విద్యార్థులకు ఒక విచిత్రం ఎదురైంది. సీ భాషలో చిన్న ప్రోగ్రాము రాసి కంపైల్ చేస్తారు. టెర్మినల్‌లో అది నడుస్తుంది. అదే ఫైలును నాటిలస్‌లో డబుల్ క్లిక్ చేస్తే ఇది షేర్డ్ లైబ్రరీ, దీన్ని తెరిచే ప్రోగ్రాము లేదు అని జవాబు. అనుమతి ఉంది, కెర్నెల్‌కు అభ్యంతరం లేదు, అయినా నడవదు.

కారణం భద్రత కోసం చేసిన ఒక మంచి మార్పు. ప్రోగ్రాము జ్ఞాపకంలో ఎప్పుడూ ఒకే చోట కూర్చుంటే దాడి చేసేవాడికి లక్ష్యం ముందే తెలిసిపోతుంది. అందుకని ఎక్కడ కూర్చోబెట్టినా పనిచేసేలా కంపైల్ చేయడం మామూలు పద్ధతి అయింది, దానికి పీఐఈ అని పేరు. కానీ కంపైల్ అయిన ప్రోగ్రాములు ఉండే ఎల్ఫ్ రూపపు ఫైలు తలలో రకం చెప్పే గడి ఒకటుంది. పాతకాలపు ప్రోగ్రాముకు అందులో 2 ఉంటుంది, షేర్డ్ లైబ్రరీకి 3 ఉంటుంది. ఎక్కడైనా కూర్చోగలగడం అంతకుముందు లైబ్రరీల లక్షణం కాబట్టి పీఐఈ ప్రోగ్రాముకు కూడా 3 పడింది. మైమ్ జాబితా ఆ గడిని చదివి, ఇది లైబ్రరీ అని తేల్చింది. ఫైల్ మేనేజర్ దాన్ని నమ్మింది. కెర్నెల్ మాత్రం ఆ గడిలో 2 ఉన్నా 3 ఉన్నా నడిపేస్తుంది.

మైమ్ జాబితాలో పీఐఈ ప్రోగ్రాములకంటూ విడిగా ఒక రకం పేరు చేరేవరకు లింకర్‌కు నో-పై అనే ఎంపిక ఇచ్చి పాత పద్ధతిలో కంపైల్ చేసుకోవడం ఒక దారి, ఆ ప్రోగ్రాముకు సొంతంగా డాట్ డెస్క్‌టాప్ ఫైలు రాసుకోవడం ఇంకో దారి. మొదటిదాని కంటే రెండోదే సరైనది. మొదటిది డబుల్ క్లిక్ కోసం భద్రతను వదులుకుంటుంది. ఈ ఉదంతంలో ఎవరూ తప్పు చేయలేదు. కంపైలర్‌వాళ్లు తమ పని సరిగానే చేశారు, మైమ్ జాబితావాళ్లూ సరిగానే చదివారు. ఫైలు ఏమిటి అన్న ప్రశ్నకు వచ్చే జవాబును, దాన్ని నడపవచ్చా అన్న ప్రశ్నకు కూడా వాడుకోవడంలోనే లోపం ఉంది.

నొక్కితే ఏమీ జరగనప్పుడు

వాడుకరిని అన్నిటికంటే ఎక్కువ వేధించేది నిశ్శబ్దం. డబుల్ క్లిక్ చేస్తారు, ఏ కిటికీ రాదు, ఏ హెచ్చరికా రాదు. దీనికి మామూలు కారణాలు కొన్ని ఉన్నాయి. వాటిని తెలుసుకుంటే చాలా సమయం మిగులుతుంది.

మొదటిది, ప్రోగ్రాము నిజంగానే నడిచి ఉండవచ్చు. హలో అని అచ్చువేసే ప్రోగ్రాము టెర్మినల్ లేకుండా నడిస్తే ఆ హలో ఎవరికీ కనపడని చోటికి పోతుంది. టెర్మినల్‌లో నడుపు అని చెప్పినా, పని అయిపోగానే కిటికీ రెప్పపాటులో మూసుకుంటుంది. స్క్రిప్టు చివర రీడ్ అనే ఒక్క మాట చేర్చితే ఎంటర్ నొక్కేవరకు కిటికీ ఆగుతుంది. టెర్మినల్ కావాలని డాట్ డెస్క్‌టాప్ ఫైలులో ట్రూ అని రాసినా తంటా తప్పకపోవచ్చు. గ్నోమ్ లోపలి లైబ్రరీ చాలాకాలం తనకు తెలిసిన కొన్ని టెర్మినల్ ప్రోగ్రాముల పేర్లే వెతికేది. వాటిలో ఏదీ లేని కంప్యూటర్‌లో, వేరే టెర్మినల్ చక్కగా పనిచేస్తున్నా, విమ్ ఎడిటర్‌తో ఫైలు తెరవబోతే ఏమీ జరిగేది కాదు.

రెండోది, స్క్రిప్టు తనున్న ఫోల్డర్‌లోనే నడుస్తుందన్న నమ్మకం. టెర్మినల్‌లో ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి నడుపుతాం కాబట్టి పక్కనున్న డేటా ఫైలు దొరుకుతుంది. డబుల్ క్లిక్‌లో ఫైల్ మేనేజర్‌ను బట్టి స్క్రిప్టు హోమ్ ఫోల్డర్ నుంచి మొదలవ్వచ్చు, అప్పుడు పక్కనున్న ఫైలు కనపడదు. పైగా బ్యాష్‌ఆర్‌సీలో రాసుకున్న దారులు, మారుపేర్లు టెర్మినల్ తెరిచినప్పుడే చదవబడతాయి. డెస్క్‌టాప్ నుంచి మొదలైన ప్రోగ్రాముకు అవి తెలియవు. స్క్రిప్టు మొదట్లోనే తానున్న ఫోల్డర్‌లోకి మారిపోయేలా ఒక వరుస రాసుకోవడం మంచి అలవాటు.

మూడోది, విండోస్‌లో రాసి తెచ్చిన స్క్రిప్టు. విండోస్ ఎడిటర్లు వరుస చివర రెండు గుర్తులు పెడతాయి, యూనిక్స్‌కు ఒకటే చాలు. ఆ అదనపు గుర్తు షెబాంగ్ వరుసలో బ్యాష్ పేరుకు అతుక్కుంటుంది. కెర్నెల్ ఆ వింత పేరున్న ప్రోగ్రాము కోసం వెతికి, అటువంటి ఫైలు లేదు అని బదులిస్తుంది. కళ్లముందున్న ఫైలు గురించే లేదంటున్నారని వాడుకరి అనుకుంటాడు. లేనిది స్క్రిప్టు కాదు, దాన్ని చదవాల్సిన ప్రోగ్రాము. 64 బిట్ కంప్యూటర్‌లో పాత 32 బిట్ ప్రోగ్రాము నడపబోయినా, దాని లోడర్ లేకపోతే అక్షరాలా ఇదే మాట వస్తుంది.

నాలుగోది పెన్‌డ్రైవ్. ఫ్యాట్ పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్‌లో యూనిక్స్ అనుమతులు దాచుకునే చోటే లేదు. ప్రాపర్టీస్‌లో నడక గడికి టిక్కు పెట్టినా నిలవదు. లైనక్స్ డెస్క్‌టాప్‌లు ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌ను అమర్చేటప్పుడు షోఎగ్జెక్ అనే ఎంపిక వాడతాయి. దాని ప్రకారం ఎగ్జీ, కామ్, బ్యాట్ తోకలున్న ఫైళ్లకే నడక అనుమతి కనిపిస్తుంది. లైనక్స్ స్క్రిప్టుకు మాత్రం దక్కదు. స్క్రిప్టును హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని, అక్కడ అనుమతి ఇచ్చి నడపడమే మార్గం. స్నేహితుల మధ్య, ల్యాబుల్లో పెన్‌డ్రైవ్‌ల మీద ప్రోగ్రాములు చేతులు మారే మన దగ్గర దీన్ని ముందుగా చెప్పడం అవసరం.

ఇందులో ఏ ఒక్క కారణమూ క్లిష్టమైనది కాదు. అన్నీ కంప్యూటర్‌కు తెలిసినవే. కెర్నెల్ ప్రతిసారీ ఎందుకు కుదరలేదో ఒక సంఖ్యగా చెబుతుంది. ఆ సంఖ్యను మనిషికి అర్థమయ్యే వాక్యంగా మార్చి తెర మీద పెట్టడం ఫైల్ మేనేజర్ బాధ్యత. నడపకపోవడం కాపలా అయితే కారణం చెప్పకపోవడం నిర్లక్ష్యం. ఈ రెండింటినీ ఒకటిగా చూసినంతకాలం కొత్తవాళ్లు లైనక్స్‌ను వదిలి వెళ్తూనే ఉంటారు.

మారువేషాలు

నడక అనుమతి అనే కాపలాకు ఒక దొడ్డిదారి ఉండేది. అది డాట్ డెస్క్‌టాప్ ఫైలు. ఈ ఫైలును చూపించేటప్పుడు ఫైల్ మేనేజర్లు దాని అసలు పేరుకు బదులు లోపల రాసిన పేరును, లోపల చెప్పిన బొమ్మను చూపించేవి. పేరు జీతాల పట్టిక డాట్ పీడీఎఫ్ అని, బొమ్మ పీడీఎఫ్‌దని రాసి, ఆదేశం చోట హానికరమైనది పెడితే చూసేవారికి అది అచ్చం పీడీఎఫ్‌లా ఉంటుంది. నాటిలస్‌లో ఈ లోపం 2017లో సీవీఈ-2017-14604గా నమోదైంది. దిద్దుబాటులో భాగంగా, వాడుకరి ఒకసారి నమ్ముతున్నానని చెప్పేవరకు అటువంటి ఫైలు మారుపేరు చూపించకుండా, నడవకుండా చేశారు. ఉబుంటులో డెస్క్‌టాప్ మీది గుర్తు మీద కుడి క్లిక్ చేస్తే కనిపించే అలో లాంచింగ్ వరుస ఈ కోవదే. థునార్ ఇంకో అడుగు ముందుకేసి, నమ్మినప్పటి ఫైలు ముద్రను షా-256 లెక్కతో గుర్తుంచుకుంటుంది. తర్వాత ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ నమ్మకం చెల్లదు.

కొన్ని లోపాలకు డబుల్ క్లిక్ కూడా అక్కరలేదు. 2017లోనే, విండోస్ ప్రోగ్రాములకు చిన్న బొమ్మలు తయారుచేసే ఒక గ్నోమ్ అనుబంధంలో, ఫైలు పేరులో దాచిన ఆదేశం ఆ ఫోల్డర్ తెరవగానే నడిచిపోతుందని బయటపడింది. 2019 ఆగస్టులో కేడీఈలో ఇటువంటిదే కనిపించింది. ఫోల్డర్ బొమ్మ ఏదో చెప్పే వరుసలో షెల్ ఆదేశం రాస్తే, ఆ ఫోల్డర్‌ను చూసినంతనే అది నడిచేది. కేడీఈవారు ఆ సదుపాయాన్నే ఫ్రేమ్‌వర్క్స్ 5.61లో తొలగించారు.

ఈ ముప్పు మన ఇంటికీ వచ్చింది. సీడాక్ సంస్థ డెబియన్ ఆధారంగా, తెలుగుతో సహా భారతీయ భాషల వాడుకకు వీలుగా తయారుచేసిన బాస్ లైనక్స్‌ను కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో వాడుతున్నారు. ఏపీటీ36 అనే పేరుతో పిలిచే దాడుల బృందం ఆ కంప్యూటర్లను లక్ష్యంగా చేసుకుని, సమావేశ పత్రంలా కనిపించే డాట్ డెస్క్‌టాప్ ఫైళ్లను జిప్ పొట్లాల్లో ఈమెయిళ్లతో పంపుతోందని 2025 ఆగస్టులో భద్రతా పరిశోధకులు వెల్లడించారు. డబుల్ క్లిక్ చేసినవారికి ఫైర్‌ఫాక్స్‌లో నిజంగానే ఒక పీడీఎఫ్ తెరుచుకునేది. అదే సమయంలో వెనక గూఢచారి ప్రోగ్రాము దిగి నడిచేది. తెరవడం, నడపడం ఒకే సైగలో ఉన్నందువల్ల వచ్చే ప్రమాదానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. పత్రం తెరుచుకుంది కాబట్టి తాను పత్రమే తెరిచానని ఆ ఉద్యోగి అనుకుంటాడు, అనుమానించడానికి అతనికి కారణమే కనిపించదు.

పొట్లంగా వచ్చే ప్రోగ్రాములు

దించుకుని డబుల్ క్లిక్ చేస్తే నడిచే ప్రోగ్రాము కావాలన్న కోరికను తీర్చడానికి వచ్చింది యాప్‌ఇమేజ్. సైమన్ పీటర్ 2004లో క్లిక్ పేరుతో మొదలుపెట్టిన ప్రయత్నమే తర్వాత ఈ రూపం తీసుకుంది. ప్రోగ్రాము, దానికి కావాల్సిన లైబ్రరీలు అన్నీ ఒకే ఫైలులో ఉంటాయి. ఒక్కసారి నడక అనుమతి ఇస్తే చాలు. అనుమతి ఇవ్వడం మరిస్తే మాత్రం తొలి తరం యాప్‌ఇమేజ్‌లు డిస్క్ ఇమేజ్‌లా తెరుచుకునేవి, ఎందుకంటే వాటి లోపలి రూపం నిజంగానే సీడీల ఐఎస్ఓ రూపం. ఉబుంటు 22.04 నుంచి వీటికి మరో అడ్డంకి వచ్చింది. యాప్‌ఇమేజ్‌లు ఆధారపడే పాత ఫ్యూజ్ 2 లైబ్రరీ ఉబుంటుతో పాటు రావడం ఆగిపోయింది, డబుల్ క్లిక్‌కు మళ్లీ అదే నిశ్శబ్దం. టెర్మినల్‌లో నడిపితేనే లైబ్రరీ లేదన్న వాక్యం కనబడుతుంది.

డెబ్, ఆర్‌పీఎం ఫైళ్ల సంగతి వేరు. వాటిని డబుల్ క్లిక్ చేస్తే నడవవు, సాఫ్ట్‌వేర్ సెంటర్ తెరుచుకుని పాస్‌వర్డ్ అడిగి స్థాపిస్తుంది. ఎగ్జీ ఫైళ్లకు వైన్ ఉంటే వైన్, లేకుంటే ఆర్కైవ్ మేనేజర్ ముందుకొస్తుంది.

పొట్లంగా వచ్చే ప్రోగ్రాముల్లో మరో రకమైన ఫ్లాట్‌ప్యాక్‌లు తెరవడం పద్ధతినే కొంత మార్చాయి. అలా వచ్చిన ప్రోగ్రాము చుట్టూ గోడ ఉంటుంది, కంప్యూటర్‌లోని ఫైళ్లన్నీ దానికి కనిపించవు. వాడుకరి ఫైలును ఎంచుకున్నప్పుడు, డబుల్ క్లిక్ చేసినప్పుడు కూడా, పోర్టల్ అనే మధ్యవర్తి ఆ ఒక్క ఫైలును గోడ లోపలికి అందించగలదు. పక్కనున్న ఫైళ్లు బయటే ఉంటాయి. దానివల్ల చిన్న ఇబ్బందులున్నాయి. వీడియో తెరిస్తే పక్కనే ఉన్న ఉపశీర్షికల ఫైలు ప్లేయర్‌కు కనపడకపోవచ్చు, వెబ్ పేజీ తెరిస్తే అందులోని బొమ్మలు రాకపోవచ్చు. అటువంటప్పుడు ఫ్లాట్‌సీల్ అనే ప్రోగ్రాముతో ఆ ప్లేయర్‌కో బ్రౌజర్‌కో ఆ ఫైలున్న ఫోల్డర్ వరకే చదివే అనుమతి ఇచ్చుకుంటే సరిపోతుంది, హోమ్ ఫోల్డర్ మొత్తం ఇవ్వనవసరం లేదు.